నదికి గేటు చీటీ

పరీక్షకి చదవమని ఇచ్చిన గ్రాఫుల కాగితాల్లో మొదటి పేజీని ఒక్క టీ తాగేలోపు చదివి అవతల పారేశానని క్రేన్ పిన్ని చెప్పడం మొదలుపెట్టినప్పుడు, అందులో ఏది నిజమో ఆ టీకొట్టు దగ్గర తెలిసిన మనిషి ఈల ఒక్కతే. అవతల పారేసిన మాట నిజం. ఉండచుట్టి కిటికీలోంచి విసిరేస్తే, వెళ్ళి ఏరుకొచ్చి ఒళ్ళో పెట్టుకుని సాపు చేసింది ఈలే.

పిన్ని అసలు ఈల వాళ్ళమ్మకి చెల్లెలు. ఇనుప దూలాలూ పైపులూ ఎత్తి దించే ఆ యార్డులో మాత్రం అందరికీ పిన్నే. ఆడమనిషి క్రేన్ నడపడమేంటని బుగ్గలు నొక్కుకున్నవాళ్ళంతా ఒక్కొక్కరే రిటైరై ఇళ్ళకి పోయారు గానీ పిన్ని మాత్రం క్రేన్ దిగలేదు. ఈలది కింద నిలబడి చేతులతో సైగలు చేసే పని. ఆమె ఎత్తమంటే పైనున్న పిన్ని ఎత్తాలి, దించమంటే దించాలి. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతూ ఉంటుంది కాబట్టి ఆ పేరు అలా అతుక్కుపోయింది.

ఇప్పుడు కంపెనీ కొత్త క్రేన్ తెచ్చింది. పసుపుపచ్చగా, సీటు మీద ప్లాస్టిక్ కవరు కూడా తియ్యకుండా, గేటు లోపల పెళ్ళికొడుకులా నిలబడి ఉంది. దాని తాళం చేతికి రావాలంటే చార్టులూ గ్రాఫులూ చదవగలమని పరీక్ష రాసి చూపించాలి. నెగ్గితే సీటు. తప్పితే గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని, లోపలికొచ్చే సరుకుకీ బయటికెళ్ళే సరుకుకీ చీటీలు రాసే గుమాస్తాకి సాయం చెయ్యాలి. భోజనాలయ్యాక సైరన్ మోగగానే వెనక రేకుల షెడ్డులో పరీక్ష. పిన్నికి ఇది రెండోసారి, ఇదే ఆఖరిసారి.

మొదటిసారి ఏం జరిగిందో యార్డంతా ఎరుగుదురు. క్రేన్‌కి ముందుకు సాగే ఆ పొడవాటి ఇనుప భాగాన్ని ఎవరేమన్నా పిన్ని చేయి అంటుంది. పరీక్ష కాగితం మీద పక్కకి జారే గీత కనిపించిన చోటల్లా అది చేయి బొమ్మే అనుకుని ‘చేయి దిగుతోంది’ అని రాసింది. ఏడాది పొడుగునా పడిన వానల గ్రాఫు కింద ‘ఎత్తారు, దించారు, ఊరికే మళ్ళీ ఎత్తారు, డ్రైవరుకి పని రాదు’ అని రాసింది. ఆ కాగితం చేతులు మారి మారి గేటు దాకా వచ్చింది. గుమాస్తా దాన్ని వచ్చేపోయే లారీవాళ్ళకి కూడా చదివి వినిపించాడు.

ఆ తర్వాత ఈల యార్డు నేల మీద సుద్దతో గీసి చూపించింది. అడ్డంగా ఉన్నది దూరం పిన్నీ, నిలువుగా ఉన్నది బరువు. బరువు బండికి ఎంత దూరంగా ఉంటే అంత తక్కువే ఎత్తగలం, అందుకే గీత కిందికి జారుతోంది, చేయి దిగి కాదు. పిన్ని ఒకసారి చూసింది. ఇంకోసారి తిట్టింది. మరోసారి చెప్పబోతే నా కడుపులో తెలుస్తుందే దూరం, దానికి గీతెందుకని విసురుగా వెళ్ళిపోయింది. బుర్రకి ఎక్కిందో లేదో ఈలకి తెలీదు. తెలియాల్సిన అవసరం మాత్రం ఆమెకి చాలా ఉంది. పిన్ని పరీక్ష తప్పితే తాళం వెళ్ళేది గుమాస్తా బావమరిదికి. అతను పోయిన వారమే పరీక్ష నెగ్గాడు. కింద మనిషి సైగ చేస్తుంటే పైన కూర్చుని ఫోన్ చూసుకునే రకం. వేలాడే దూలం కింద నిలబడాల్సింది ఈల.

సరిగ్గా ఆ భోజనాల వేళకే గుమాస్తా టీకొట్టుకొచ్చి, నీ స్టూలు తుడిచి నీడలోనే వేయించానమ్మా, ఎండ తగలదు అన్నాడు. ఆ మాటకే పిన్ని గ్లాసు కింద పెట్టింది.

“నాకు పరీక్ష పెట్టేది ఎవరయ్యా? గ్రాఫులన్నీ ముందు నా దగ్గరకొచ్చి సరిగ్గా ఉన్నామా అని చూపించుకుని మరీ పోతున్నాయి.”

టీకొట్టు బాబాయ్ పాలు పొంగకుండా మంట తగ్గించాడు. పిన్ని కథ ఎత్తుకుందంటే మధ్యలో లేవడం కుదరదని ఆయనకి తెలుసు.

మొదటి పేజీ ఒక్క టీలో చదివిందిట. చదివాక ఊరికే కూర్చోబుద్ధి కాక, పక్కింటాయన జ్వరంతో ఆసుపత్రిలో ఉంటే చూడ్డానికి వెళ్ళిందిట. మంచం కాళ్ళవైపు జ్వరం గ్రాఫు వేలాడుతోంది. రోజంతా బుద్ధిగా పడుకుని, సాయంత్రం అయ్యేసరికి గీత దిగ్గున లేస్తోంది. డాక్టర్లు మందు మీద మందు మారుస్తున్నారు. పిన్ని గ్రాఫు వంక చూసి, ఆయన వంక చూసి, సాయంత్రం చూడ్డానికి ఎవరొస్తారని అడిగింది. తోడల్లుడొస్తాడని చెప్పారు. ఆయన్ని గేటు దగ్గరే ఆపెయ్యమంది. ఆపేశారు. గీత పడుకుంది, మనిషి లేచి కూర్చున్నాడు.

బాబాయ్ తల ఊపాడు. తన తోడల్లుడు గుర్తొచ్చాడో ఏమో, అది మాత్రం జరిగే ఉంటుందని ఒప్పుకున్నాడు. గుమాస్తా కూడా కాదనలేదు. ఈలకి ఇక్కడిదాకా బాగానే ఉంది. పిన్ని కోతలు ఎప్పుడూ నేల మీదే మొదలవుతాయి.

“అక్కడితో ఆగిందా? ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

ఆ సంగతి ఆ నోటా ఈ నోటా పడి వానలు లెక్కగట్టే ఆఫీసు దాకా వెళ్ళిందిట. వాళ్ళు కారు పంపారుట. కారు చిన్నదని వెనక్కి పంపిస్తే బస్సు పంపారుట. అక్కడ గోడ నిండా నిలువు కడ్డీల చార్టు, నెల నెలకీ ఒక కడ్డీ, దానెత్తు వాన. ఒక కడ్డీ మిగతావాటి నెత్తిన ఎక్కి కూర్చుంది. వరద తప్పదని ఆఫీసరు తల పట్టుకున్నాడు. పిన్ని స్టూలెక్కి ఆ కడ్డీ నెత్తిన అరచెయ్యి పెట్టి మెల్లగా అదిమింది.

“అదిమితే?” అన్నాడు గుమాస్తా.

“అదిమితే ఏముంది, బయట వాన ఆగింది. తీగ మీద బట్టలు ఆరాయి. మీ ఆవిడవి కూడా ఆరాయి, ఇంటికెళ్ళి అడుగు.”

మొదట నవ్వింది బాబాయే. గుమాస్తా మూతి బిగించి ఇంకో టీ చెప్పాడు. వెళ్ళిపోతే పోయేవాడే, కానీ పిన్ని ఎక్కడో ఒకచోట జారిపడుతుందని, అది తన కళ్ళముందే జరగాలని ఆశ. ఈల గేటువైపు చూసింది. షెడ్డు తలుపు తెరిచారు. ఎవరో లోపల బల్లలు వరసగా జరుపుతున్నారు. పిన్ని అటు చూడలేదు. చూడకూడదనే గొంతు ఇంకాస్త పెంచిందని ఈలకి అర్థమైంది. 

తర్వాత కంపెనీ పెద్దాయనే పిలిపించాడుట. ఆయన గదిలో గుండ్రటి చార్టు, కంపెనీ సొమ్ము ఎటెటు పోతుందో ముక్కలు ముక్కలుగా రంగులేసి ఉంది. జీతాల ముక్క గోరంత. ‘ఇతరములు’ అనే ముక్క చాపంత. ఇతరములంటే ఎవరండీ, మీ చుట్టాలా అని అడిగిందిట పిన్ని.  పిన్ని ఆ ముక్కని ఊడబెరికి చంకలో పెట్టుకుంది. ముక్క పోయిన చక్రం గోడ దిగి, దొర్లడానికి కుదరక కుంటుకుంటూ కుంటుకుంటూ తలుపు దాటి, మెట్లు దిగి, రోడ్డెక్కి వెళ్ళిపోయింది. ఇప్పటికీ ఎక్కడో కుంటుతూనే ఉంటుందిట.

“మరి ఆ ముక్క ఏం చేశావు పిన్నీ?” బాబాయ్ అడిగాడు.

“ఇంట్లో తలుపు కొట్టుకుంటుంటే కింద పెట్టాను.”

ఇక పరీక్షలు పెట్టే ఆఫీసువాళ్ళకి కడుపు మండిందిట. కాగితం మీద గీత చదవలేని మనిషికి ఇంత పేరా అని కబురు పెట్టారుట. ఇక్కడికి వచ్చేసరికి పిన్ని గొంతులో వేళాకోళం పోయింది. బల్ల మీద చెయ్యి ఆనించి లేచి నిలబడింది.

“నేను ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. చాచేది నా క్రేన్ ఒక్కటే. మా అక్క చనిపోయిన ఏడాది కూడా చాచలేదు, అక్క కూతురు ఈ ఈలని పెంచేటప్పుడూ చాచలేదు. స్టూలు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళకి నవ్వులాటకి దొరకమంటే దొరుకుతానా? ఆ మాట ఆ ఆఫీసు ముందుకే వెళ్ళి చెప్పాను. వినబడలేదన్నారు. అయితే వినబడేలా చెబుతానని బండి ఒరగకుండా ఆనించే ఇనుప కాళ్ళు నాలుగూ నేలకి దించి, ఆఫీసు నాలుగు మూలలా గొలుసులు వేశాను.”

ఆఫీసరు కుర్చీలో, కుర్చీ గదిలో, గది ఆఫీసులో, ఆఫీసు కొక్కెంలో. ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఒకాయన సంతకం సగంలో ఉండగానే ఆఫీసు నేల వదిలింది. పిన్ని కుడిచెయ్యి గాల్లో మీట పట్టుకుంది, ఎడమచెయ్యి ముందుకు చాచింది. ఆఫీసు నదివైపు తిరిగింది. ఈల చేతులు ఆమెకి తెలీకుండానే ఒళ్ళో కదులుతున్నాయి. ఎత్తు. తిప్పు. చెయ్యి చాచు. ఇంకా చాచు. నది నడిమధ్య దాటింది, కింద చేపలు తలెత్తి చూశాయి, పడవలవాళ్ళు నీడకని ఆఫీసు కిందికి చేరారు. ఇంకా చాచు. అవతలి గట్టు మీద దించబోతోంది. లోపల ఆఫీసర్లంతా కిటికీల్లోంచి చేతులు బయటపెట్టి, నువ్వు నెగ్గావు తల్లీ నెగ్గావు, కాగితం మీద కూడా రాసిస్తాం, దించు అని.

ఈల లేచింది. చెయ్యి పక్కకి చాచి, అరచెయ్యి నేలవైపు తిప్పి, అడ్డంగా ఊపింది.

అది ఆపమనే సైగ. యార్డులో మిగతా సైగలన్నీ సైగల మనిషే చెయ్యాలి, ఇది మాత్రం ఎవరు చేసినా డ్రైవరు ఆపి తీరాలి. మేనేజరు చేసినా, దారిన పోయే టీకొట్టు బాబాయ్ చేసినా సరే. పిన్ని చేతులు గాల్లో ఉన్నవి ఉన్నట్టే ఆగిపోయాయి. మాట కూడా ఆగింది.

“చెయ్యి ఎంత చాచావు పిన్నీ?”

“అవతలి గట్టు దాకా.”

“అంత దూరానికి చార్టు ఎంత ఎత్తమంటోంది?”

గుమాస్తా గ్లాసు దించాడు. పిన్ని ఈలని కరిచేలా చూసింది. సొంత అక్క కూతురు ఇలా నిలదీయడమా, అదీ ఈ గుమాస్తా ముందు. కానీ ఆపు సైగ అయ్యాక డ్రైవరు జవాబు చెప్పాలి, అది ఒంటికి పట్టిన అలవాటు. బల్ల మీద టీ ఒలికి ఉంది. పిన్ని చూపుడువేలు అందులో ముంచి ఒక అడ్డగీత, ఒక నిలువుగీత లాగింది. మూల నుంచి అడ్డగీత వెంట వేలు జరుపుకుంటూ వెళ్ళింది, దూరం, ఇంకా దూరం. ఆ పైన, ఎడమ నుంచి కిందికి జారే వంపు గీసింది. వంపు బల్ల సగానికే అయిపోయింది. వేలు మళ్ళీ ఇందాకటి దూరం దగ్గరికే వెళ్ళి, వంపుని దాటి చాలా అవతల నిలబడింది. అక్కణ్ణించి పైకి చూస్తే తగలడానికి ఏమీ లేదు.

“ఆ దూరానికి గీతే లేదు,” అంది పిన్ని. “గీత ఇక్కడే ఆగిపోయింది. ఇక్కడ ఆఫీసు కాదు కదా, ఉత్త కొక్కెం కూడా ఎత్తకూడదు. కొక్కెం బరువూ లెక్కలోదే. ఎత్తితే వెనక చక్రాలు లేచి బండి మూతి నీళ్ళల్లో పెడుతుంది.”

చెప్పేసి, చెప్పింది తానేనా అన్నట్టు వేలి వంక చూసుకుంది.

టీకొట్టంతా ఘొల్లుమంది. బాబాయ్ నవ్వలేక బల్ల పట్టుకున్నాడు. గుమాస్తా అయితే ఇన్నాళ్ళ బాకీ తీరినట్టు నవ్వాడు. అంటే ఆఫీసు లేవలేదన్నమాట, తన నోటితో తానే ఒప్పుకుంది, అడ్డంగా దొరికిపోయింది, విన్నారుగా అందరూ అని అటూ ఇటూ తిరిగి చెప్పాడు. బల్ల మీది తడి గీతల్ని చూడాలని అతనికి తోచలేదు. ఈల నవ్వలేదు. ఆమె వాటినే చూస్తోంది. ఎక్కడా చేయి బొమ్మ లేదు. గాలికి అప్పుడే ఆరిపోతున్నాయి.

సైరన్ మోగింది.

పిన్ని చీర కొంగుతో వేలు తుడుచుకుంది. ఈల దగ్గరకొచ్చి నెత్తి మీద ఒక్కటి మొట్టింది, గట్టిగానే. ఆ తర్వాత ఆమె చొక్కా జేబులోంచి పెన్సిల్ లాక్కుని తన జడలో దోపుకుంది. షెడ్డువైపు నడుస్తుంటే గుమాస్తా వెనక నుంచి, స్టూలు కొంచెం ఊగుతుందమ్మా, చూసుకుని కూర్చో అన్నాడు.

పిన్ని ఆగి వెనక్కి తిరిగింది.

“పూర్తిగా వినకుండా నవ్వుతావేంటయ్యా. దూరం ఎక్కువైందని నాకు మాత్రం తెలీదా? చెయ్యి ముడుచుకుని, నదిని ఇటు జరిపాక ఎత్తాను. ఆ ముక్క చెప్పేలోపే ఇది ఆపేసింది.” కొత్త క్రేన్ పక్కనుంచి పోతూ దాని చక్రం మీద ఒక దెబ్బ వేసింది. “ఆ నది ఇటే వస్తోంది, గేటు దగ్గరకి. నేను బయటికొచ్చేలోపు చీటీ రాసి ఉంచు.”

  గుమాస్తా చెయ్యి, అలవాటు చొప్పున, జేబులో పెన్ను వెతుక్కుంది.