కొండ మీద మొరాయించిన రైఫిలూ, మా రాసిమ్ ఉస్తా గారూ

1984 మార్చి 12వ తేదీన, మా ఊరి సరస్సు అంచుల్లో మంచు ఇంకా కరగని ఒక సోమవారం ఉదయం, రాసిమ్ దెమిర్‌కోల్ గారు మా తుపాకుల సహకార సంఘంలో గొట్టాలు నునుపుచేసే బల్ల దగ్గర పనిలో చేరారు. అప్పటికి ఆయన వయసు పద్దెనిమిదేళ్లు. నలభై ఏళ్ల తరువాత, ఈ నెలాఖరున, తుది పరీక్షా విభాగానికి పెద్దగా ఉండి పదవీ విరమణ చేస్తున్నారు. ఈ నలభై ఏళ్లలో మా గేటు దాటి వెళ్లిన తుపాకుల్లో ఆయన చేయి తగలనిది బహుశా ఒక్కటీ లేదు.

మొదటి ఏడేళ్లు గొట్టాల దగ్గర, తరువాత మేము ఉస్తా అని పిలుచుకునే పెద్ద మేస్త్రి, కీర్తిశేషులు జుహ్తూ గారి శిష్యరికంలో చెక్కపని దగ్గర గడిపి, 1998లో ఆయన పరీక్ష గది తాళాలు అందుకున్నారు. గురువుగారి నుంచి వచ్చినది ఇంకొకటి కూడా ఉంది. ఏటా శరదృతువులో గొర్రెతోక కొవ్వు, తేనెమైనం కలిపి పెరట్లో ఆయనే స్వయంగా కాచే గ్రీజు అది. ఆ రోజు ఆ వాసనకు వీధిలో ఇళ్లన్నీ కిటికీలు మూసుకునేవి. కానీ దాన్ని పూసిన జంటగొట్టాల తుపాకీ సరస్సు తేమలో పదేళ్లు గోడకు వేలాడినా తుప్పు పట్టేది కాదు. మా పద్ధతి ఎప్పుడూ ఒకటే: ముందు పరీక్ష గదిలో కాల్చి చూడటం, తరువాత నూనె బల్ల దగ్గర గ్రీజు పూయడం, ఆపైన పెట్టెలో పెట్టడం.

2012లో మా సంఘం మొదటిసారిగా సెమీ ఆటోమేటిక్ రైఫిల్ తయారీకి పూనుకుంది. పేల్చిన ప్రతిసారీ ఖాళీ గుల్లను తానే బయటికి విసిరి, తరువాతి తూటాను తానే అందుకోవలసిన రైఫిల్ అది. నమూనా గీసినవారు కొన్యా నగరంలో మంచి ఉద్యోగం మానుకుని, గర్భవతి అయిన భార్యతో మా ఊరికి వచ్చిన యువ ఇంజనీరు సెల్చుక్ గారు. ఆ శీతాకాలం పన్నెండు రైఫిళ్లను అనామస్ కొండల్లోని పందివేటగాళ్లకు వాడి చూడమని ఇచ్చారు. జనవరి మొదటి వారానికల్లా తొమ్మిది వెనక్కి వచ్చాయి.

"పది అడుగుల్లో పంది నిలబడింది అన్నా," అన్నాడు దుర్ముష్ అనే వేటగాడు, రైఫిల్‌ను బల్ల మీద పెడుతూ. "మొదటి దెబ్బ పేలింది. గుల్ల బయటికి రాలేదు. గొంతులో ఎముక అడ్డంపడ్డ కుక్కలా నోరు తెరుచుకుని ఉండిపోయింది మీ రైఫిల్. నేను చెట్టెక్కాను కాబట్టి ఈ మాట చెబుతున్నా."

"నీకు చెట్టెక్కడం కూడా వచ్చా?" అని పక్క బల్ల దగ్గరి నుంచి ఎవరో అడిగారు.

"ఆ రోజే వచ్చింది."

రాసిమ్ గారికి నవ్వు రాలేదు. ఆ తొమ్మిదింటినీ శుభ్రంగా తుడిచి, పరీక్ష గదిలో ఒక్కొక్కదానితో యాభై తూటాలు కాల్చారు. యాభై గుల్లలూ ఒకే మూలకు ఎగిరిపడ్డాయి. కొండకు తిరిగి పంపితే మళ్లీ అదే మొరాయింపు. గట్టి స్ప్రింగులు మార్చారు, పేలుడు గ్యాసు వచ్చే రంధ్రం పెద్దది చేశారు, వేరే కంపెనీ తూటాలు తెప్పించారు. గదిలో పాడుకాని రైఫిల్ కొండ మీద ఎందుకు పాడవుతుందో అంతుపట్టలేదు. చివరికి విసిగి, కార్యవర్గం ముందు ఆయన ఒక మాట అన్నారు: "చేసిన చేతుల్లో తప్పు లేదు. గీసిన బొమ్మలోనే ఉంది."

ఆ మాట చాలింది. శుక్రవారం నమాజు తరువాత సెల్చుక్ గారికి సెలవు చెప్పేయాలని నిర్ణయమైంది.

గురువారం ఉదయం రాసిమ్ గారికి వెనక్కి రాని మూడు రైఫిళ్లు గుర్తొచ్చాయి. చెడినవాటిని ఇంతకాలం చూశాం, చెడనివాటిని ఎవరమూ చూడలేదనుకుని బండి మాట్లాడుకుని కొండెక్కారు. మొదటి ఇంట్లో వేటగాడు లేడు, అతని భార్య ఆయెన్ ఉంది.

"రైఫిల్ బాగా పనిచేస్తోందా అమ్మా?"

"దానికేం, దివ్యంగా ఉంది. ఆ జిడ్డే నా ప్రాణం తీసింది. కొత్త తివాచీ మీద పెట్టాడు మీ తమ్ముడు. ఎంత మరకో! విప్పించి, కిరసనాయిలు పోసి ఆవగింజంత లేకుండా కడిగించాను. అదేం గ్రీజయ్యా, చలికి రాయిలా బిగుసుకుపోయింది. ఏ బుద్ధిలేనివాడు పూశాడో."

ఆమె ఇచ్చిన టీ అక్కడే వదిలేసి ఆయన లేచారు. మిగిలిన రెండిళ్లలోనూ అదే కథ: ఇద్దరూ కడిగేశారు. గుల్లను బయటికి నెట్టే పిన్ను కూర్చునే సన్నటి రంధ్రంలోకి గ్రీజు దిగి, కొండ చలికి మైనంలా గడ్డకట్టేది. పరీక్ష గదిలో కాల్చేది గ్రీజు పూయకముందు, కొండకు పంపేది పూసిన తరువాత. వెనక్కి వచ్చినవాటిని ముందుగా తుడిచేది ఆయనే. తప్పును ప్రతిసారీ తన చేత్తోనే తుడిచేసి, తరువాత దానికోసం వెతికారు.

కొండ దిగుతున్నంతసేపూ ఒకటే లెక్క వేసుకున్నానని తరువాత ఆయనే చెప్పారు. తప్పు గ్రీజుదేనన్న సంగతి ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. దాన్ని చడీచప్పుడు లేకుండా మానేస్తే రైఫిల్ బాగవుతుంది, గురువు పేరు నిలుస్తుంది, తన మాటా నిలుస్తుంది. పోయేది ఆ కుర్ర ఇంజనీరు బతుకొక్కటే.

శుక్రవారం ఆయన ఒక రైఫిల్‌కు నిండా గ్రీజు పూసి, నమాజు ముగిసేదాకా పెరట్లో మంచులో ఉంచి, కార్యవర్గం ఎదుట పేల్చారు. గుల్ల నోట్లోనే ఇరుక్కుంది. తూటాలు తీసేసి, కిరసనాయిలుతో కడిగి మళ్లీ పేల్చారు. ఐదుకు ఐదు గుల్లలూ మంచులో పడ్డాయి.

"బొమ్మలో తప్పు లేదు. నా గ్రీజులో ఉంది," అన్నారు. "నూనె బల్ల దగ్గర ఆడపిల్లలు నేను చెప్పినట్టే పూశారు, వాళ్లనేమీ అనకండి."

అధ్యక్షులు వెహ్బీ గారు గొంతు తగ్గించారు. "ఉస్తా, మీ పేరు ఎందుకు పాడుచేసుకుంటారు? చలి వల్ల అని రాసేద్దాం. ఇంజనీరు అబ్బాయి కూడా పనిలో ఉంటాడు."

"చలి మన ఊరికి కొత్తా? నా పేరు రాయండి. లేకపోతే రేపు ఇంకొకడు ఇలాగే ఇంకొకణ్ణి తిడతాడు." ఆ తరువాత సెల్చుక్ గారి వైపు తిరిగి, "బాబూ, నేను నీ మీద అన్న మాట అందరి ముందు అన్నాను. అందుకే అందరి ముందే వెనక్కి తీసుకుంటున్నా," అన్నారు.

సెల్చుక్ గారు ఆయన దగ్గరికి వచ్చారు. "ఉస్తా, ఇంట్లో సామాను సగం కట్టేసింది మా ఆవిడ. వెళ్లి విప్పమని చెప్పనా?" అన్నారు.

"నేనూ వస్తాను పద. కట్టించింది నేనే కదా."

ఆ సాయంత్రం పెట్టెలు ఇద్దరూ కలిసి విప్పారు. నాటి నుంచి మా దగ్గర ప్రతి రైఫిల్‌నూ, గ్రీజుకు బదులు పలుచని నూనె పూసిన తరువాతే, కొన్నవాడికి అందే రూపంలోనే, చలిలో నిలబెట్టి కాలుస్తున్నాం. ఈ పదకొండేళ్లలో ఏ బల్ల దగ్గరైనా తప్పు జరిగితే చేసినవారే ముందుగా వచ్చి చెప్పారు. ఎందుకంటే ఉస్తా అంతటివారే చెప్పారు, మనకేం సిగ్గు అనుకున్నాం.

రాసిమ్ ఉస్తా గారికి కొండ ఎక్కగల మోకాళ్లు, సూదిమొన చూడగల కళ్లు, ఆయన భార్య నెజ్లా అమ్మగారి తోడు నిండుగా నూరేళ్లూ ఉండాలని మనసారా కోరుకుంటున్నాం. ఆరోగ్యంతో, నెమ్మదితో, భయంలేని నిద్రతో ఆయన రోజులు గడవాలి. ఎవరినీ తన తప్పుకు బలి చేయని మనిషికి ఆ నిద్ర హక్కు.