ఇంగ్లండు పేపర్లో మా అన్నియ్య

ఏటే ఉజ్వలా, ఆ ఫోనులో ఎవుడే అలా అరుత్తన్నాడు? లండన్ పేపర్ల మీదా? ఏటంట, అబద్దాలు రాత్తన్నారంటనా? ఓలమ్మ, ఇప్పుడు తెలిసినాదా మీకు! నన్నడిగితే నాను ఎప్పుడో సెప్పుదును గదా. నవ్వకు. ఈ సీతారాండేరా బస్తీ దాటి ఎరగని ముసిల్దానికి లండన్ సంగతి ఏటి తెలుసనుకుంటన్నావు గావాల. మా అన్నియ్య పోలరాజు పడ్డాడే అలాటి ఇంగ్లండు పేపర్లోన. ముందు పేజీలో, సగం పేజీకి ఆడి బొమ్మే. నిజం అంటే నిజమే, నీ మీదొట్టు. ఆ ఫోను నోరు ముయ్యి, ఇలా వొచ్చి కూకో.

అన్నియ్య నువ్వు పుట్టకముందే పోనాడు. మీ అమ్మకి గుర్తే, సిన్నప్పుడు ఆడి సంకెక్కే తిరిగీది. తలుపులోంచి వొంగి రావాల, అంత పొడుగు. నల్లగా నిగనిగలాడీవోడు. ఉక్కు కారఖానాలో క్రేన్ నడిపీవోడు. మంచోడేగానీ ఒకటే రోగం, ఆడికి ప్రతీదీ తెలియాల. ఎవుడు కనబడినా నీ పనేటి, ఎలా సేత్తావు, ఎందుకలాగే సేత్తావు. పర్సుడీహ్ బజారుకి సేపలకని పంపిత్తే, సేపలమ్మీదాంతో వొల ఎలా అల్లుతారో మాటాడి ఉత్తి సంచీతో వొచ్చీవోడు. మా సూరమ్మొదిన తిట్టీది, 'నిన్ను కాదు, నీకు నోరిచ్చినోణ్ణి అనాల' అని. ఆళ్ళకి పిల్లల్లేరు. ఉన్నవన్నీ ఆ కబుర్లే.

ఆఁ, ఇంగ్లండు. కారఖానాకి కొత్త రకం క్రేన్లు వత్తన్నాయంట, నేర్సుకు రమ్మని కొందర్ని షెఫీల్డు పంపినారు. అదీ మన ఊరు లాగే ఉక్కు ఊరంట, పొగా అదీ. ఓ ఛుట్టీ రోజున, పనికి సెలవు, అన్నియ్య అక్కడ సంతలోకెల్లినాడు. బేండు మేళాలు, జనం, పెద్ద మేళా. అందులో ఓ ఆడగుంట, మూడో నాలుగో ఏళ్ళుంటాయి, పిండిబొమ్మలాగుంది, తప్పిపోయి ఏడుత్తంది. ఈడికొచ్చిన ఇంగ్లీషు క్రేన్ ఇంగ్లీషు, పైకి, కిందికి, ఆపు, అంతే. ఏటి సేత్తాడు పాపం? మన రథయాత్రలో పిల్లలు తప్పిపోతే ఏటి సేత్తాం, బుజానికెక్కించుకుంటాం గదా, తల్లికి దూరాన్నుంచి కనబడాలని. అలాగే ఎక్కించుకుని సంతంతా తిరిగినాడు. ఆ తల్లి సూసింది, జనాన్ని తోసుకుంటా వొచ్చినాది. ఆ తల్లి పేరు జీన్ అంట, రొట్టెల దుకానంలో పని. పిల్లని తీసుకుని, అన్నియ్య సేతులట్టుకుని ఏడిసీసిందంట. తీసుకెల్లి టీ తాగించింది. బస్, అంతే, అయిపోనాది గదా? అక్కడే ఉంది కత. మేళా ఫోటోలు తియ్యడానికి ఓ పేపరోడు వొచ్చున్నాడు. తల్లి రాకముందు, ఆ గుంట బుజం మీద కూకుని గుక్కపట్టి ఏడుత్తన్నప్పుడు, ఆడు టక్కున బొమ్మ తీసీసాడు.

రెండ్రోజులకి పేపర్లో పడినాది. మన పేపర్ల లాగ కాదంట అది, అచ్చరాలు పెద్దవి, రాత తక్కువ. ఒకో అచ్చరం నా అరసెయ్యంత. ఆడితో ఎల్లిన సత్యప్రసాదు సదివి సెప్పినాడు. 'ఎవడీ నల్లోడు? మన పిల్లని ఎక్కడికి తీసుకుపోతన్నాడు?' అని. ఊఁ, అదే. ఆ రోజే ఆడు అద్దెకున్న ఇంటామె ఎదర నిలబడి గది కాళీ సెయ్యమన్నాది. ఎవడో రాయి ఇసిరి కిటికీ అద్దం పగలగొట్టినాడు. కేంటీన్లో అన్నియ్య బల్ల కాడ ఎవుడూ కూకోలేదంట. పెద్దాఫీసరు పిలిచి, 'బేగి టిక్కెట్టు కొట్టిత్తాను, ఇంటికెల్లిపో పోలరాజూ' అన్నాడు. అన్నియ్య ఏటన్నాడో తెల్సా? 'ఇప్పుడెల్లిపోతే ఆ రాసిందే నిజమనుకుంటారు సార్. నాను ఎల్లను. నాకు ఆ రాసినోణ్ణి సూడాలనుంది.' కొట్టడానిక్కాదే. ఎలా రాత్తాడో అడగడానికి! నీకు నవ్వొత్తంది గానీ, రాళ్ళు పడతన్న మనిషి ఆలోచన అదీ.

ఆ రాసినోడి కాడికి జీనే తీసుకెల్లింది. పేపరు సూసి అదీ మండిపోతంది. పేపరాఫీసులో పైన ఓ బట్టతలోడు కూకున్నాడంట, ఆ పెద్ద అచ్చరాలు రాసింది ఆడే. అన్నియ్య దండం పెట్టి, 'అయ్యా, ఈ అబద్దం ఎలా రాసారు?' అని అడిగినాడు. సత్యప్రసాదు ఇంగ్లీషులో సెప్పినాడులే. ఆడంటాడూ, 'అబద్దం ఎక్కడుంది? సివర ప్రశ్న గుర్తు సూడలేదా? నాను అడిగాను, అంతే. లోపల పేజీలో సివరి వరసలో పిల్ల తల్లికి దొరికిందని రాసాం కూడా' అని. సూసినావా! ఆ కొక్కెం గుర్తు ఒకటి తగిలించీసి మనిషిని దొంగని సేసీసి, నానేటీ అన్లేదు అంటన్నాడు. అన్నియ్య ఊరుకోడు గదా. 'అడిగానంటన్నావు. ఎవుర్నడిగావు? నాను అక్కడే ఉన్నాను, ఈయమ్మా ఉంది. మమ్మల్నే అడిగితే సెప్పుదుము గదా?' అన్నాడు. ఆడు పెన్సిలు బల్ల మీద కొడతా, 'అడిగితే ఇంక కతేటుంటాది? పిల్ల దొరికింది అని రాత్తే ఎవుడు కొంటాడు?' అన్నాడు. అప్పుడు జీన్ లేచి బల్ల మీద ఒకటి సరిసి, 'నా పిల్ల ఏడుపు అమ్ముకున్నావు నువ్వు' అని అరిసిందంట. ఆఫీసంతా టైపులు ఆపీసి సూసినారు.

ఆడేటన్నాడో ఇప్పుడినుకో. నాకు ఇన్నేళ్ళొచ్చినా అది అర్దం కాదు. కుర్సీలో ముందుకి జరిగి, 'ఇది ఇంకా మంచి కత! రేపు ముగ్గుర్నీ నిలబెట్టి ఫోటో తీత్తాను, ఇండియానుంచి వొచ్చిన దేవుడు అని ఏసీత్తాను' అన్నాడంట! నిన్న దొంగ, రేపు దేవుడు, అదే సెయ్యి, అదే పెన్సిలు. అన్నియ్య వొద్దన్నాడు. 'నాను దొంగనీ కాదు, దేవుణ్ణీ కాదు బాబూ. పిల్ల తప్పిపోనాది, ఎత్తుకున్నాను, తల్లికిచ్చాను. అది రాయి సాలు.' అది ఆడికి పనికొచ్చింది కాదు. లోపలెక్కడో గుర్రప్పందేల కబుర్ల కింద రెండు వరసలు ఏసినారు, ఎవుడు సదువుతాడు! జీన్ మాత్రం వొదల్లేదు. ప్రతి శనివారం అన్నియ్యని అదే సంతకి తీసుకెల్లి, ఆ గుంటని మళ్ళీ బుజానెక్కించి, ఊరందరి ఎదుటా నడిపించింది. 'సూడండి, సూడండి' అని నోటితో అన్లేదు, నడిపించిందంతే. కొన్నాళ్ళకి ఇంటామె కూడా పిలిచి టీ ఇచ్చిందంట. తప్పయిపోనాది అన్లేదు. టీ ఇచ్చింది.

ఇక్కడేటైందంటే, సత్యప్రసాదు ముందొచ్చీసాడు, ఆ పేపరు పట్టుకుని. సూరమ్మొదినకి సదువు రాదు. 'ఓలమ్మ, మా ఆయన పేపర్లో పడ్డాడు, బుజం మీద పిల్లతోటి ఎంత బాగున్నాడో' అని గోడకంటించీసింది. వాడోళ్ళందరికీ సూపించింది. సదువొచ్చినోళ్ళు సూసి, నీళ్ళు నవిలి ఎల్లిపోయీవోళ్ళు. మీ తాత వెంకటరావు రైల్వేలో గుమాస్తా గదా, ఇంగ్లీషొచ్చు. ఓ రోజు వొదిన నిలబెట్టి అడిగీసింది, 'అందరూ ఇది సూసి నన్నెందుకలా సూత్తన్నారు? పైన ఏటి రాసుంది తమ్ముడూ?' అని. మీ తాత దాచలేక సదివీసాడు.  వొదిన ఇంట్లోకెల్లి కత్తిరి తెచ్చి, గోడ మీదే, ఆ పెద్ద అచ్చరాలన్నీ జాగర్తగా కోసీసింది. బొమ్మ అలాగే ఉంచింది. అన్నియ్య వొచ్చి ఇంట్లో అడుగెట్టగానే గోడ సూసి నిలబడిపోనాడు. పెట్టె ఇంకా సేతిలోనే ఉంది. 'ఇది... పైన ఏటే సూరమ్మా?' అన్నాడు. 'ఆ రాత బాగోలేదు, కోసీసాను. నువ్వు కాళ్ళు కడుక్కో' అన్నాది. మా అన్నియ్య ఏడవడం నాను సూసింది ఆ ఒక్కసారే.

అన్నియ్య సచ్చిపోయినప్పుడు సూత్తే ఆడికి వేరే ఫోటో లేదు. కారఖానా గేటు పాసు మీదది ఉందిగానీ అందులో ఎవుడో ఖైదీలాగున్నాడు. ఆ గోడ బొమ్మకే అద్దం కట్టించినాం. కుర్రోళ్ళు బంతిపూల దండ తెచ్చి ఎయ్యబోతంటే వొదిన సెయ్యట్టుకుంది. 'ఆ గుంట బతికుంది బాబూ. ఎక్కడో అమ్మ కాడ సల్లగా ఉంది. దానికి దండేటి?' అన్నాది. పూలు కింద పెట్టించింది. వొదిన ఉన్నన్నాళ్ళూ ఆ బొమ్మకి దండ ఎయ్యనే లేదు. ఇప్పుడా గుంటకీ నెత్తి నెరిసుంటాది. ఏటి సేత్తందో, ఎక్కడుందో, ఈ ముసిల్దానికెవుడు సెప్తాడు...

గేటు కాడ గేసోడు పిలుత్తన్నాడు సూడు. లెగు, బేగి.