ముందుగాల సంచి దిక్కు చూసినోడు

బుద్ధుందా నీకు, సింధూ? ఆ సంచి తీసి బయట పెట్టు ముందుగాల. నీ ఆఫీసు దోస్తు వాళ్లక్క బ్యాంకాక్‌ల ఉంటదట, ఆమెకు పచ్చళ్లట, పొడులట, నువ్వు మోస్కపోతవట! నీ ఎంట టూరుకొచ్చే గ్రూపోళ్లందరు వచ్చేకంటె ముందే నువ్వొక్కదానివి పోయి దిగుతున్నవు. ఆడ ఎవలన్న ఈ సంచి ఎవలిదని అడిగితే ఎవరి మొఖం చూపిస్తవు? నవ్వకు. నేను నవ్వులాటకు చెప్తలేను.

ఏంది? సింగపూర్‌ల ఏమైందో చెప్పమంటవా? మీ అమ్మకు చెప్పిన గని నీకు చెప్పలే. ఫోన్ల రికార్డు పెడ్తవా, పెట్టు. మంచిదే. యాది మర్చినప్పుడు మల్లొకసారి ఇనుకో.

నేను మాదాపూర్‌ల ఆ అద్దాల బిల్డింగు గేటు కాడ ఎన్నేండ్లు నిలబడ్డనో నీకు ఎర్కే గద. ఆడోళ్ల సంచులు చెకింగు చేసుడు నా పని. అప్పుడు ఆ రోడ్డు మీద రాళ్లగుట్టలే ఎక్కువుండె, చాయ్ తాగుదామంటె ఒక్కటే డబ్బా, మూడు రూపాయలకు గ్లాసు నిండ పోసెటోడు. ఇప్పుడు ముప్పై పెట్టినా రెండు గుక్కలే. సర్లే, ఏం చెప్తున్న... ఆఁ, సంచులు. అందరు చదువుకున్నోళ్లే, పెద్ద పెద్ద జీతాలోళ్లే. "ఆంటీ, లేటయితుంది, జల్ది" అని ఎవరు తొందరపెడితె వాళ్ల సంచి ఇంక నిదానంగ చూసేదాన్ని. కోపానికొచ్చేటోళ్లు. రానీయ్. నేను ఒక్కనాడు ఎవరి కాడ ఒక చాక్లెట్ తీసుకోలే, ఎవర్ని ఊకె పోనీయలే.

కొలువు బంద్ అయినంక, కూడబెట్టుకున్న పైసలతోటి ఒక్కసారన్న విమానం ఎక్కాలనిపించింది. మన గల్లీ చివరింట్ల రేణుక ఉన్నది జూడు, ఆమె తమ్ముడు సుధాకర్ టూర్లు నడిపేటోడు. మియాపూర్ దిక్కు చిన్న ఆఫీసు. వంటమనిషిని గూడ ఎంట తీస్కపోతరు. మనోళ్లు చంద్రుని మీదికి పోయినా పప్పుచారు కావాలంటరు గద! రేణుక మంచిది, నాకు జరమొస్తె జావ గాసి తెచ్చిన పిల్ల. ఆమె తమ్ముడే అని సింగపూర్‌కు పేరు రాయించిన.

పోయే ముందు సుధాకర్ వచ్చి, "పెద్దమ్మా, గ్రూపు విమానంల సీట్లు నిండినయి. నువ్వు ఒకరోజు ముందుగాల పో. మావోడు నీ పేరు బోర్డు పట్టుకోని నిలబడ్తడు, ఫికర్ జేయకు" అన్నడు. ఇంతమందిల నేనే ఎందుకని అడిగిన. "నీ అంత ధైర్యం ఎవరికున్నది పెద్దమ్మా?" అన్నడు. పొగిడిండు జూడు, అప్పుడే నాకు మనసుల అనుమానం పడ్డది.

శంషాబాద్‌ల గేటు కాడ, నేను ఇగ లోపలికి పోతుంటె, ఒక బ్యాగు తెచ్చి నా సామాన్ల బండి మీద పెట్టిండు. వంటసామానట. విప్పమన్న. "టైమైతుంది పెద్దమ్మా, జల్ది" అన్నడు. విప్పినంకనే లోపలికి పోత అన్న. విప్పిండు. మీద కారం, పసుపు. కింద చింతపండు గడ్డలు, కొత్త కవర్లల్ల మిషినుతోటి అతికిచ్చి ఉన్నయి. ఒక గడ్డ చేతిల పట్టి చూసిన, కండ్లకు అంతా సక్కగనే ఉన్నది. మాట పెట్టేందుకు ఏం దొరకలే.

విమానంల కూసున్నంక అదే ఆలోచన. అంత పెద్ద గడ్డలు, అంత తేలికగ ఎట్లుంటయి? చింతపండు అంటె చెయ్యి గుంజాలె గద. పక్క సీటామె మబ్బులు జూడుమంటది, నాకు మబ్బులు గనవడ్తలేవు, చింతపండే గనవడ్తుంది.

ఆడ దిగిన. అబ్బ, ఏం ఊరో ఏమో బిడ్డా, నేల మీద మన మొఖం మనకు గనవడ్తది! ఒక్కరి భాష తెల్వదు. ఎవరు నన్ను చూసినా, ఎందుకు చూస్తున్నరని నాకు అనుమానం. ఒకడు నా పెట్టె దింపనీకె వస్తె గుంజుకున్న. పాపం, మంచిగనే వచ్చిండేమో. గంతల సుధాకర్ ఫోన్ జేసిండు. "దిగినవా పెద్దమ్మా" అనలే. "తిన్నవా" అనలే. "బ్యాగొచ్చిందా?" అన్నడు.

ఫోన్ పెట్టేసి ఆడ్నే నిలబడ్డ. వదిలేసి పోదామంటె దాని మీద నా పేరు చీటి అతికిచ్చి ఉన్నది. తీస్కపోతె, ఇన్నేండ్లు ఒకళ్ల సంచులు విప్పిన నేను దొంగసామాను మోసినదాన్నయిత. టూరు పోతె పోయింది, ఇంటికి ఏ పేరుతోటి పోవాలె?

ఇగ సీదా చెకింగు కాడికి పోయిన. ఆడ ఒక తమిళామె, నాలెక్కనే యూనిఫారం, చేతులకు గ్లౌజులు. ఆమెది తమిళం, నాది తెలుగు. సగం మాటలతోటి, సగం చేతులతోటి చెప్పిన. ఇది నాది గాదు, నాకిచ్చిండ్రు, విప్పుండ్రి అన్న. విప్పిండ్రు. మీద పొర చింతపండే. లోపలంత నమిలే జర్దా ప్యాకిట్లు. ఆ దేశంల అవి తెచ్చినా కేసే, అమ్మినా కేసే.

నన్ను ఒక అర్రల కూసోబెట్టిండ్రు. పాస్‌పోర్ట్ గుంజుకున్నరు. ఆ తమిళామె నా మొఖం దిక్కు చూసిన చూపు ఉన్నది జూడు... నేను గేటు కాడ అందరి దిక్కు చూసిన చూపే అది. ఆమె తప్పేం లేదు. తెలుగొచ్చినాయన్ని పిలిపిచ్చిండ్రు. ఆయనతోటి అన్న, "సారూ, బయట నా పేరు బోర్డు పట్టుకోని ఒకడు ఉంటడు. నన్ను బ్యాగుతోటి బయటికి పంపుండ్రి. నా కోసం వచ్చినోడైతె నా మొఖం చూస్తడు. సంచి కోసం వచ్చినోడైతె సంచి చూస్తడు. మీరే చూడుండ్రి."

వాళ్లల్ల వాళ్లు మాట్లాడుకున్నరు. మల్ల బ్యాగు నా చేతికిచ్చి పంపిండ్రు. ఎనుక మామూలు బట్టలల్ల వాళ్ల మనుషులు. నేను ఎనుకకు చూడకుంట నడిచిన. బోర్డు పట్టుకున్నోడు ఉరికొచ్చిండు. ఒంగి బ్యాగు పట్టి చేతికి తీసుకున్నంక అప్పుడు తల ఎత్తిండు.

"పెద్దమ్మా... మీరా?"

రేణుక మొగడు యాదగిరి! ఆడ బిల్డింగుల పనికి పోయిండని ఎర్కే గని, వచ్చేది ఆయననే అని నాకెవరు చెప్పిండ్రు? బోర్డు మీద పేరున్నా, గల్లీల అందరికి నేను పెద్దమ్మనే గద, అది నేనని ఆయనకు గూడ ఎవరు చెప్పలే. ఎనుకున్నోళ్లు రెక్కలు పట్టుకున్నరు. తీస్కపోతుంటె ఒక్కటే మాట అన్నడు, "రేణుకకు చెప్పకుండ్రి పెద్దమ్మా."

నా పాస్‌పోర్ట్ నాకిచ్చిండ్రు. తెల్లారి గ్రూపు దిగింది. వంటాయనను అడిగిన, నీ సామాను ఏదయ్యా అని. "నా సామానంత నా ఎంటనే వచ్చింది గద" అన్నడు. టూరుల అన్ని చూసిన, ఏం చూసిన్నో యాదికి లేదు.

వచ్చినంక రేణుకకు నేనే చెప్పిన. నేను గాక ఇంకెవరు చెప్తరు? "ఆ సంచి ఆడ్నే ఏడనో పారేసి రావచ్చు గద పెద్దమ్మా" అని ఏడ్చింది. శాన దినాలు మాట్లాడలే. ఎదురొస్తె తల తిప్పుకునేది. నేను ఓర్చుకున్న. యాదగిరి ఆడ జైలుల ఉండి వచ్చిండు, ఇగ ఆ దేశం రానీయదు. ఇప్పుడు బాలానగర్‌ల ఒక షెడ్డుల పనిజేస్తున్నడు.

మరి సుధాకర్? ఈడ్నే ఉన్నడు, మంచిగ. పోలీసులు పిలిస్తె, "నాకేం తెల్వదు, మా బావనే తెప్పిచ్చుకున్నడు" అన్నడట. అంతా బావ మీదికి నూకి బయటపడ్డడు. ఆఫీసుకు తాళం పడ్డది, గని అదొక లెక్క గాదు, ఇంకో పని దొరికింది.

గా మాట రేణుక చెవుల పడ్డది.

మొన్న నువ్వు రాకముందు చూసిన. వాడు అక్క ఇంటికి వచ్చిండు, చేతిల సంచి. రేణుక గడపల నిలబడి "విప్పు" అన్నది. గల్లీల అందరు చూస్తనే ఉన్నరు. అరుగు మీద కూసోని ఒక్కొక్కటి తీసి పెట్టిండు. ఆపిల్ పండ్లు, మిఠాయి డబ్బా, రేణుక బిడ్డకు గౌను. డబ్బా మూత గూడ తీసి చూపెట్టమన్నది. ఎప్పుడొచ్చినా గట్లనేనట. గంతల ఆ చిన్నపిల్ల "మామా" అని ఉరికొచ్చింది. ఒక మిఠాయి తీసిండు గని, పిల్ల నోట్ల పెట్టలే. చెయ్యి గట్లనే ఆపి, అక్క మొఖం దిక్కు చూస్తున్నడు.