కొరింథులో బంతి భోజనం

శనివారం మధ్యాహ్నం, చిట్యాల దగ్గరి ఒక ఊళ్లో రేకుల చర్చి. తండా మనిషి అయిన పాస్టర్ బీక్యా రేపు చర్చిలో అందరూ కలిసి తినే ప్రేమ విందుకు, పౌలు కొరింథు సంఘానికి రాసిన ఉత్తరం మీద ప్రసంగం తయారు చేసుకుంటున్నాడు. శనివారం నాడు తనంత మాటకారి జిల్లాలోనే లేడనిపిస్తుంది ఆయనకు. ఆదివారం ఆ భ్రమ తీరిపోతుంది. మాదిగవాడ నుంచి వచ్చిన రాములమ్మ గడప దగ్గర కూర్చుని వెల్లిగడ్డ పొట్టు తీస్తోంది.

“గదంత తర్వాత చెప్పుండ్రి అయ్యగారు. ముందుగాల పొయ్యి సంగతి తేల్చుండ్రి. ఒక్కటా, రెండా?”

“అవ్వా, నేను కొరింథుల ఉన్న. నన్ను పొయ్యి కాడికి గుంజకు.”

“గా కొరింథు నుంచి జెర వచ్చి చెప్పిపోండ్రి. వంట గంజులు ఎన్ని తేవాల్నని ఎల్లస్వామి ఫోన్ మీద ఫోన్ చేస్తుండు.”

“రెండు పొయ్యిలు అడిగిండ్రంట గద. రెండే పెట్టు. పని జల్ది అయితది.”

“జల్ది కోసమేనా?”

“మరి దేనికనుకున్నవ్? సరే, నీ కాడ దాపెందుకు. మా తండా పెద్దమనుషులు నీకు తెల్వరా? వాళ్ళు బాప్తిస్మం తీసుకొని పదేండ్లాయె, వాళ్ళ గిన్నెలు ఇంక తీసుకోలే. వాళ్ళల్ల లక్ష్మన్న అడిగి ఉంటడు. ముసలాయన, ఒక్క దినంల మారుతడా?”

“ఎవలడిగితేంది తియ్యుండ్రి.”

“గట్ల కాదవ్వా. రేపు మొట్టమొదటిసారి మా తండా, మీ వాడకట్టు ఒక్క కాడ కూసోని తినుడు. గిండ్ల తేడా వచ్చిందనుకో, చర్చి రెండు ముక్కలైతది. ఒక ముక్కకు నేను పాస్టర్ను, ఇంకో ముక్కకు ఎవలు? అందుకే గింత పరేషాన్.”

“సరే, చదువుండ్రి. ఇంట.”

“ఇను. నీ ముందట చదివితే రేపు నాకు ధైర్యం. పోయిన వారం మీ వాడకట్టు నగేష్ గురక పెడుతుంటే నా వాక్యానికి మూలుగుతుండనుకొని ఇంకో అర్ధగంట ఎక్కువ చెప్పిన.”

“గా అర్ధగంట మేం గూడ విన్నం.”

“క్షమించు. ఇగ ఇను. ‘సహోదరులారా! రోమా చట్టం ఎంత గొప్పదో అంత గుడ్డిది!’ ఎట్లున్నది?”

“మంచిగుంది. గుడ్డిదంటే ఎట్ల?”

“రోమా పౌరుని మీద కొరడా ఎత్తొద్దు. ముందుగాల విచారణ జెయ్యాలె. పౌలు పౌరుడే. నేను పౌరుణ్ణి అని ఒక్క మాటంటే సిపాయిలు గజగజ వణికిండ్రు. గని బానిసకు గా చట్టం లేదు. బానిస మనిషి కాదవ్వా, సామాను. కొనొచ్చు, అమ్మొచ్చు. పెండ్లి జేసుకుంటే గది పెండ్లని లెక్కల లేదు. పిల్లలు పుడితే యజమాని సొమ్ము.”

“అబ్బ! గిసొంటోళ్ళు గూడ చర్చికి వచ్చేటోళ్ళా?”

“గిసొంటోళ్ళే మస్తుమంది. అప్పుడు గిట్ల రేకుల షెడ్డు గూడ లేకుండె. ఎవలో ఒక ఉన్నోళ్ళ ఇంట్ల కూడేది. గా ఇంటాయన, ఆయన దోస్తులు పొద్దుగూకక ముందే లోపలి గదిల మంచాల మీద ఒరిగి తినేటోళ్ళు.”

“ఒరిగి తింటరా?”

“మా మామ తినడా, గట్లనే. ఇగ కూలోళ్ళు, బానిసలు పని ఇడిసి వచ్చేసరికి మిగిలింది వాకిట్ల. దేవుడొక్కడు, రొట్టె ఒక్కటి, బంతులు మాత్రం రెండు! ఒకడు ఆకలితోని ఉంటడు, ఒకడు తాగి మత్తుల ఉంటడు. పౌలుకు ఒళ్ళు మండి ఉత్తరం రాసిండు.”

“మరి వాళ్ళకు పొయ్యి ఒక్కటేనా?”

“పొయ్యా? ఒక్కటే ఉండొచ్చు. దాని గురించి ఏం రాయలే.”

“గట్లయితే వాళ్ళ కన్న మనమే ముందట ఉన్నం. మనకు పొయ్యిలు గూడ రెండు.”

“అవ్వా... గది నేను రాసుకోలే.”

“రాసుకోండ్రి. రేపు చెప్పుండ్రి.”

“చెప్తే లక్ష్మన్న లేచి పోతడు. ఆయన ఎనుకనే మైకు సెట్టు పోతది, గది ఆయనదే గదా. మైకు లేకుంటే నేను అరిచినా ముందటి చాప దాటదు.”

“సరే, గది ఇడువుండ్రి. రేపు మీరు ఏ బంతిల కూసుంటరు?”

“నేనా?”

“మీరే.”

“నేను అందరికి వడ్డిస్త. సేవకుడన్నంక వడ్డించాలె గద.”

“వడ్డించినంక?”

“వడ్డించినంక... రేపు ఉపవాస ప్రార్థనల ఉందామనుకుంటున్న.”

“ప్రేమ విందు నాడా?”

“దేవుడు ప్రేరేపిస్తే ఏ నాడైన ఉండాలె.”

“మా వాడకట్టుకు వచ్చిన్నాడల్ల దేవుడు ప్రేరేపిస్తనే ఉన్నడయ్యగారు. మా విజయ పెండ్లికి ఉపాసం. నగేష్ బిడ్డకు పేరు పెట్టిన్నాడు ఉపాసం. మా ముసలాయన పోయి జ్ఞాపకార్థ కూడిక పెడితే, గప్పుడు గూడ ఉపాసమే. గిన్ని ఉపాసాలకు మీ పొట్ట...”

“పొట్ట సంగతి ఇప్పుడెందుకు?”

“నేనేమంటలేను. అంగి గుండీలే అంటున్నయ్. మా వాళ్ళయితే గింత భక్తి ఏ పాస్టర్‌కు లేదని చెప్పుకుంటరు.”

“గట్ల చెప్పుకుంటరా?”

“చెప్పుకుంటరు.”

“నాకు సిగ్గయితుంది అవ్వా.”

“ఎందుకయ్యగారు?”

“నీకు తెల్వదా ఎందుకో? మా యాడి, మా అమ్మ, చిన్నప్పుడే చెప్పింది, వాడకట్టుల మంచినీళ్ళు గూడ ముట్టొద్దని. ఆమె పోయింది. నేను వాక్యం చదివిన, వరంగల్ పోయి కోర్సు జేసిన, సర్టిఫికెట్‌కు అద్దం గూడ కట్టించిన. రెండువేల ఏండ్ల ఎనుకకు పోయి రోమోళ్ళను తిట్టి వస్త. నీ ఇంటి కాడ గిలాస చేతికిస్తే మాత్రం గొంతు పట్టుకుంటది. ఏం జెయ్యాల్నో తెల్వక ఉపవాసమంట. గా కొరింథు పెద్దమనిషి నా కన్న నయం. వాడు మిగిలిందన్న పెట్టిండు. నేను పెట్టింది గూడ తినకపోతి.”

“గంత పెద్ద మాటలెందుకు అయ్యగారు. మనిషన్నంక ఉంటది.”

“లేదవ్వా, ఇగ చాలు. రేపు ఒక్కటే పొయ్యి. నువ్వే వండాలె. మొదటి బంతిల అందరి నడుమ నేనే కూసుంట. నీ చేతి కూరే ఏసుకుంట.”

“మరి ఉపాసం?”

“రద్దు. దేవునితోని నేను మాట్లాడుకుంట. ఆయనకు నా ఉపవాసాల సంగతి మొదటి సంది తెలుసు.”

“గొంతు పట్టుకుంటే?”

“పట్టుకోని. నీళ్ళు తాగి మింగుత. నువ్విచ్చిన నీళ్ళే. నేను తింటే నా ఎనుక తండా మొత్తం తింటది.”

“మంచిదయ్యగారు. ఎల్లస్వామికి ఒక్క పొయ్యనే చెప్త.”

“చెప్పు. ఆగు, నేను గూడ లక్ష్మన్నకు ఫోన్ కొడత. రెండు పొయ్యిలంట! పదేండ్ల సంది నా వాక్యం ఇని నేర్చుకున్నది గిదా? కొరింథు పత్రిక మొత్తం చదివి ఇనిపిస్త ముసలాయనకు.”

“ఫోన్ పెట్టేయుండ్రి.”

“ఎందుకు? ఎప్పుడో ఒకనాడు ఎవలో ఒకలు చెప్పాలె గద.”

“ఆయననేం అనకుండ్రి అయ్యగారు. మొన్న నాట్లకాడ నా సద్దిలకెల్లే ఇంత బువ్వ పెట్టించుకొని తిన్నడు. ఆయన పెండ్లాం గూడ తిన్నది.”

“లక్ష్మన్నా? నీ సద్దిలకెల్లా?”

“మామిడికాయ తొక్కు మళ్ళ అడిగి ఏసుకున్నడు.”

“మరి... మరి రెండు పొయ్యిలు ఎవలడిగిండ్రు?”

“నేనే అడిగిన. మీ ఉపాసాలు నిజమని ఇన్నేండ్లు పెద్దోళ్ళం నమ్మినట్టే ఉన్నం. రేపు మా పిల్లలు గూడ బంతిల కూసుంటరు. మా కూర ముందటకెల్లి మీరు లేచిపోతుంటే వాళ్ళు సూడొద్దని, గా రెండో పొయ్యి మీ ఒక్కరికోసమే పెట్టమన్న.”