గంగులు నిలబడే చోటు

శ్రీకాకుళంలో ఒక అద్దె హాలు. ఆదివారం పొద్దున్న. ఎండుచేపల వ్యాపారి ధనరాజు, ఆయన మేనకోడలు అనూరాధ.

"తీసీ! ముందు గోడమీద ఆ కాయితం తీసీ, అనూ. ఈలోగా నాను తలుపేసేస్తాను."

"ఎందుకు తియ్యాలి మావా? ఇంకో గంటలో జనం వస్తారు."

"జనం వచ్చీసినారే! పేటంతా ట్రక్కాటోల్లో దిగిపోనారు. సేతుల్లో కొత్త తువ్వాల్లు. లక్ష్ముడు ఏటడిగినాడో తెలుసా? వంట ఎక్కడెట్టినారు అని!"

"వంటా? బొమ్మల ప్రదర్శనకి వంటేంటి?"

"మీ నాన్న ఫొటో ఏసి, కింద పేరేసి, అందరూ రావాలని కార్డు పంచినావు. మన పేటలో ఫొటో కార్డొస్తే రెండిటికే. పెల్లికి, నేదంటే దినానికి. గంగులు బావకి ఇప్పుడు పెల్లి కాదు కదా!"

"అయ్యో... దినం కార్డు అనుకున్నారా? అమ్మ కూడా చూసిందా?"

"సూసింది. సదువు రాదు గానీ మొగుడి ఫొటో తెల్దేటి? పొద్దున్నుంచీ మాట నేదు, మంచినీల్లు నేవు. పక్కింటి దేవి ఎంట ఎనకాటోలో వస్తన్నాది."

"మరి నువ్వేం చెప్పావు?"

"ఆచూకీ కోసం గవర్నమెంటోల్లు ఏసిన కార్డని సెప్పినాను."

"మళ్ళీ అబద్ధమా మావా!"

"అబద్ధం కాదే, అదీ... సర్లే. ఇంతకీ ఈ హాల్లో ఏటున్నాది? నేలమీద సుద్దగీతల గడి, గోడకో కాయితం. ఇన్నాల్లూ సేసిన పని ఇదేనేటి?"

"ఇదే. నాన్న పడవలో వెనకవైపు నిలబడేవాడు కదా, ఆ చోటంత గడి. మిగతాది చూసేవాళ్ళ బుర్రలో జరగాలి. దీన్ని కాన్సెప్చువల్ ఆర్ట్ అంటారు. వస్తువు కాదు, ఆలోచనే కళ."

"సరుకు నేకండా యాపారం."

"నవ్వకు. వందేళ్ళ కిందట డుషాంప్ అని ఒకాయన, ఫ్రాన్సువాడు. మగాళ్ళ మరుగుదొడ్డిలో పెట్టే ఉచ్చతొట్టి ఒకటి కొట్లో కొన్నాడు. దానిమీద దొంగ పేరుతో సంతకం పెట్టి, న్యూయార్కులో ప్రదర్శనకి పంపాడు."

"సీ! పెట్టినారేటి?"

"పెట్టలేదు. తర్వాత ఆ తొట్టి కూడా పోయింది. కానీ చేత్తో చేసిందే కళా, ఎంచుకున్నది కాదా అని అడిగాడు చూడు, ఆ ప్రశ్న పోలేదు."

"తొట్టి పోయి ప్రశ్న మిగిల్తే ఆడికేటి లాభం?"

"క్లైన్ అని ఇంకొకాయన అయితే ఉత్త ఖాళీనే బంగారానికి అమ్మాడు. కొన్నవాడు రసీదు కాల్చేస్తే, ఈయన సగం బంగారం నదిలో పారేసేవాడు."

"ఏట్లోనా! మరి మిగతా సగమో?"

"ఉంచుకునేవాడు."

"అద్గదీ! ఆడు యాపారే. ఇంక సాలు, కాయితం తీసీ."

"ఇంకొక్కటి విను. కోసుత్ అని అమెరికా కుర్రాడు ఒక కుర్చీ పెట్టాడు. పక్కన దాని ఫొటో. ఆ పక్కన, నిఘంటువులో కుర్చీ అంటే ఏమని రాసుందో అది. ఈ మూడింట్లో కుర్చీ ఏది?"

"కూకోడానికి పనికొచ్చీదే కుర్చీ. దీనికింత ఆలోసనెందుకు?"

"మరి నాన్నకి ఫొటో ఉంది. పేరుంది. మనిషి లేడు. అమ్మ ఎదురు చూస్తున్నది దేనికి మావా? వీటిలో నాన్న ఏది?"

"ఆ మాట ఒగ్గీ, అనూ."

"నాన్న వేటకెళ్ళి తిరిగిరాక ఆరేళ్ళయింది. పడవలొచ్చే దాకా ఆవిడ పొయ్యి వెలిగించదు. ఆఖరి పడవ కూడా ఒడ్డుకొచ్చాక అప్పుడు బియ్యం కడుగుతుంది, ఇద్దరికి. పరదీప్ రేవులో నాన్నని ఎవరో చూశారని నువ్వు చెబుతూనే ఉన్నావు. ఎవరు చూశారు? పేరు చెప్పు."

"ఎవుడో... ఒడియావోడు."

"పోయినేడు చూసినవాడు కూడా ఒడియావాడే. వాడేనా, వేరేవాడా?"

"నన్ను కోర్టులో నిలబెట్టినావేటి? ఇనుకో మరి. నువ్వు హాస్టల్లో ఉన్నావు, నీకు తెల్దు. ఆ మొదట్నెల్లో మీ అమ్మ సముద్రంలోకి నడిసెల్లిపోనాది. పీకల్లోతు నీట్లోంచి జుట్టట్టుకుని లాక్కొచ్చినాను. ఒడ్డున కూకోబెట్టి అప్పుడు సెప్పినాను, బావని పరదీప్‌లో సూసినారంట అని. లేసింది. ఇంటికెల్లి గంజి తాగింది. కొట్టు మూసీస్తే దివాలా అంటారు. తెరిసుంచితే, సరుకు నేకపోయినా, ఇంకా బతికున్నట్టే నెక్క. నువ్వు ఈ రోజు దానికి తాళమేసేస్తన్నావు."

"నాకెందుకు చెప్పలేదు ఇన్నాళ్ళూ?"

"సెప్పీదేనా అది? ఇంతకీ ఏటి రాసినావు దానిమీద?"

"లెవిట్ అని ఒకాయన ఉండేవాడు. గోడమీద ఏం గియ్యాలో కాగితం మీద రాసిచ్చేవాడు. గీసేది వేరేవాళ్ళు. నేనూ అంతే. రాశాను. చేసేది వచ్చినవాళ్ళు."

"ఆగు, సదవనీ. 'ఈ గడిలో నిలబడండి. తిరిగిరాని మనిషిని పేరు పెట్టి గట్టిగా పిలవండి. జవాబు కోసం కాసేపు ఆగండి.' ఓలమ్మ! ఇది మీ అమ్మ సేత సేయిస్తావేటే?"

"ఎవరి చేతా చేయించను. ఇష్టమైతేనే."

"తీసీ అన్నానా! నీ కాల్లట్టుకుంతాను..."

"తమ్ముడా, ఎవుల్తోరా ఆ కేకలు? ఆటోకాడికి ఇనిపిస్తన్నాయి."

"అక్కా! నువ్వు... నువ్వు బయటే కూకో. లోపల ఏటీ నేదు."

"నేదని కనిపిస్తన్నాది. ఈ గడేటి? ఆ కాయితంలో ఏటున్నాది?"

"అదా... సెప్పులు బయట ఇప్పీమని."

"అంత పొడుగ్గానా? అనూ, నువ్వు సదువు."

"అమ్మా, వద్దులే. మావ చెప్పింది నిజమే. తీసేస్తున్నాను."

"సదవమన్నాను."

"...ఈ గడిలో నిలబడండి. తిరిగిరాని మనిషిని పేరు పెట్టి గట్టిగా పిలవండి. జవాబు కోసం కాసేపు ఆగండి."

"ఈ గడి... పడవలో మీ నాన్న నిలబడీ సోటు కాదేటి?"

"అవునమ్మా."

"పెనిమిటి పేరు ఎలాగెత్తుతానే? కొత్తకాపరంలో ఒక్కసారెత్తినాను, సరదాకి. రేవంతా ఇనిపించీలాగ తిట్టినాడు. పడవ నీట్లోకి తోసినోడు మల్లీ ఎనక్కొచ్చి మరీ తిట్టినాడు."

"అందుకే అక్కా, ఎత్తకు. బావ ఆయుస్సు..."

"జరుగు. నన్ను నిలబడనీ."

"అక్కా, ఒద్దు."

"గంగులూ!"

"అమ్మా..."

"గంగులూ! ఒరే గంగులూ!"

"అక్కా, సాలు. ఇంటికెల్పోదాం, రా."

"ఉస్. ఆగమన్నాది కదా కాయితం. ఆగు."

"..."

"..."

"అక్కా... పరదీప్‌లో ఆ ఒడియావోడు, మొన్న ఫోను సేసి..."

"ఆ ఒడియావోడు నేడని నాకెప్పుడో తెలుసురా. నువ్వు నా కోసం అల్లిన మాట, కాదంటే నువ్వేటైపోతావోనని నమ్మినట్టే ఉండిపోనాను."

"అక్కా!"

"ఒరే అని పిలిసినాను, తమ్ముడా. నీ బావ బతికుంటే, ఊరుకునీవోడేనా?"