అలిగిన ఆయిల్

టీ కాస్త గట్టిగా పెట్టు చెల్లెమ్మా, పంచదార తగ్గించు, ఒంట్లో రక్తం ఇప్పటికే మరిగిపోతోంది. నువ్వు కాస్త జరగరా వెల్డరూ, బెంచీ అంతా నీ ఒక్కడికే రాసిచ్చినట్టు కాళ్ళు చాపుకుని కూర్చున్నావు. ఆ చివర ఉన్న తమ్ముడు పొద్దున మా మిషను బాగుచెయ్యడానికి వచ్చిన మెకానిక్కేగా? మంచిది తమ్ముడూ, చేతులు తుడుచుకుని నువ్వూ విను. ఈ షెడ్డులో న్యాయమనేది ఉందో లేదో బయటివాడివి నువ్వే చెప్పాలి.

నేనెవరో తెలుసా నీకు? ఎదురుగా ఆ రేకుల షెడ్డు ఉందే, అందులో ఇనప పైపుల చివర మరలు కోసే మిషను నాది. నాదంటే ఓనరుదే అనుకో, కానీ దాని మీద పనిచేసే చెయ్యి నాది. అందుకే ఈ వీధిలో అందరూ నన్ను కోతల బాబాయ్ అంటారు.

"మరలు కోస్తావనేనా బాబాయ్ ఆ పేరు?" అన్నాడు వెల్డరు, గ్లాసులోకి చూస్తూ.

మరి ఇంకెందుకంటార్రా? వీడి మాటలు పట్టించుకోకు తమ్ముడూ, నిప్పురవ్వల ముందు కూర్చుని కూర్చుని వీడి బుర్ర కాస్త వేడెక్కింది. అసలు సంగతి చెప్తాను విను. మా తోడల్లుడని ఒకడున్నాడు, మా ఆవిడ చెల్లెలి మొగుడు. వాడిని ఈ షెడ్డులో పెట్టించింది నేనే. వాడి పనల్లా మిషన్లకి ఆయిల్ పోయడం. గేర్ బాక్స్‌లో ఎంత తగ్గిందో చూడాలి, డ్రమ్ములోంచి తియ్యాలి, పోయాలి. అంత సుఖమైన పని ఇంకెక్కడైనా ఉందా? కానీ కొన్నాళ్ళుగా ఆ గేర్ ఆయిల్ డ్రమ్ము చూస్తూ చూస్తూ ఉండగానే ఖాళీ అయిపోతోంది. ఏమయ్యా అని ఓనరు అడిగితే, మిషన్లోనే పోస్తున్నానండీ, మళ్ళీ తగ్గిపోతోందండీ అంటాడు. ఎక్కడికి పోతుంది? మిషను తాగేసి మూతి తుడుచుకుందా? నాకు ఒళ్ళు మండింది. సొంతవాడని చూడలేదు. అందరి ముందూ, ఓనరు ఎదురుగానే, వీడు దొంగ, ఆయిల్ బయట అమ్ముకుంటున్నాడు అని కుండ బద్దలుకొట్టి చెప్పేశాను.

అంతే, ఓనరు డ్రమ్ముకి తాళం వేయించాడు. నిన్నేమో నా మిషను కీచుమని ఒక్క అరుపు అరిచి పట్టేసింది. ఇక వాడు రేపటి నుంచి రానక్కర్లేదు, ఈ సాయంత్రమే పంపించేస్తున్నారు. నేను చేసింది న్యాయమా కాదా? దానికి మా ఆవిడ నాతో మాట మానేసింది. అన్నం వడ్డిస్తుంది, కంచం నా ముందు పెట్టే చప్పుడికి పక్కింటివాళ్ళు ఉలిక్కిపడుతున్నారు. మా మరదలు వచ్చి గుమ్మంలో కూర్చుని ఒకటే ఏడుపు. తప్పు చేసినవాడిని వదిలేసి నా మీద పడితే ఎట్లా? ఆయిల్ విలువ నాకంటే తెలిసినవాడు ఈ భూమ్మీద ఎవడన్నా ఉన్నాడా, ఉంటే చూపించు చెల్లెమ్మా.

"నాకు నూనె విలువే తెలుసు అన్నయ్యా, ఆయిల్ సంగతి తెలీదు," అంది టీ కొట్టు చెల్లెమ్మ.

అయితే తెలుసుకో. పైపుని మిషనుకి బిగించి తిప్పుతుంటే, డై అని పళ్ళున్న చక్రం ఒకటి దాని చివర కొరుక్కుంటూ పోతుంది, మరలు పడతాయి. ఇనుమూ ఇనుమూ రాసుకుంటే ఊరుకుంటాయా, పొగలు కక్కుతాయి. అందుకని పైనుంచి కటింగ్ ఆయిల్ పోస్తూ ఉండాలి. నేను రాకముందు ఈ షెడ్డులో ఎలా ఉండేదో తెలుసా? పోసిన ఆయిల్ పోసినట్టు నేలపాలు. దాని మీద రంపపు పొట్టు చల్లి ఊడ్చి పారేసేవాళ్ళు. నడిస్తే జారుడు, ఓనరు స్వయంగా ఒకసారి తలుపు దగ్గర జారి కూలబడి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే వెనక గోడదాకా వెళ్ళిపోయాడు. నాకు చూడబుద్ధి కాలేదు. పాత డ్రమ్ము రేకు కోసి, అంచులు మడిచి, డై కింద ఒక ట్రే పెట్టాను. మీద జల్లెడ పెట్టాను, ఇనపరజను దాని మీద ఆగిపోతుంది. సన్నటి రజను దిగిపోతే పట్టుకోవడానికి అడుగున ఒక అయస్కాంతం. తేరుకున్నాక నా పాత బనీను గుడ్డలో వడకట్టి మళ్ళీ సీసాలో పోసుకుని, మళ్ళీ అదే పైపు మీద. ఇంతవరకూ అబద్ధం ఉందా?

"లేదు. ఇంతవరకూ నేనూ చూశాను," అన్నాడు వెల్డరు.

చూశావుగా, ఆ మాట మీద ఉండు. ఇక ఆయిల్ అయిపోతే ఒట్టు. మిగతా షెడ్లవాళ్ళు టిన్ను మీద టిన్ను తెప్పించుకుంటున్నారు, నేను అదే టిన్నుతో ఎండాకాలం దాటాను, వానాకాలం దాటాను. పైగా తిరిగి తిరిగి నా ఆయిల్‌కి పాకం వచ్చింది. కొత్త ఆయిల్‌కేం తెలుసు, పసిపిల్ల లాంటిది, పైపు మీద పోస్తే బెదిరి పారిపోతుంది. నాది అలా కాదు. ఏ పైపుకి ఏ మర పడాలో దానికే తెలుసు, నేను సీసా వంచేసరికే ముందు వెళ్ళి చోటు చూసుకునేది. ఆ మరల నునుపు ఏం చెప్పను. పైపుకీ పైపుకీ అతుకు వేసే సాకెట్ని పైపు మూతికి ఆనించి వదిలేస్తే దానంతట అదే గిర్రున తిరిగి, సరిగ్గా ఎక్కడ ఆగాలో అక్కడ ఆగేది. నేను రెంచీని అటక మీద పడేశాను, దానికి తుప్పు పట్టింది పాపం.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆయిల్ కంపెనీ నుంచి మనిషి వచ్చాడు, ఇస్త్రీ చొక్కా, చేతిలో సంచీ. ఈ షెడ్డు నుంచి ఆర్డరు రావడం మానేసిందేంటని కనుక్కోవడానికి వచ్చాడు. నా ట్రే చూశాడు, నన్ను చూశాడు, అక్కడే కూలబడిపోయాడు. బాబ్బాబు, ఈ పద్ధతి నలుగురికీ తెలిస్తే మా ఫ్యాక్టరీ మూసుకోవాలి, పిల్లలున్నవాడిని అని నా కాళ్ళు పట్టుకున్నాడు. నాకు జాలేసింది, అయినా తలొగ్గలేదు. నీ కంపెనీ కోసం నేను ఆయిల్ నేలపాలు చెయ్యాలా అని కడిగేసి పంపించాను.

"మరి ఈ మధ్య నీ మరలు గరుగ్గా వస్తున్నాయని పైపులు రెండు మూడుసార్లు వెనక్కొచ్చాయిగా?" అన్నాడు వెల్డరు.

అది పైపు తప్పు. ఇప్పుడొచ్చే ఇనుములో పస లేదు. నా ఆయిల్ చిక్కబడింది, ఆ చిక్కదనాన్ని తట్టుకోలేకపోతోంది ఇనుము. చిక్కబడటమే కాదు, కొత్త వాసన కూడా వచ్చింది, ముక్కు అదిరిపోయే ఘాటు. ముదిరిన సరుకంటే అలా ఉంటుంది మరి. అడ్డు రాకు, అసలు కథ ఇక్కడే ఉంది. ఇంత మంచి ఆయిల్ ఒక్క చుక్క కూడా పక్కకి పోకూడదని, ఆ ట్రేకి ఇంకో రేకు అతికించి మిషను ఈ చివర నుంచి ఆ చివరదాకా పొడిగించాను.

"అతికించింది నేనే," అన్నాడు వెల్డరు.

"గేర్ బాక్స్ కింద దాకానా అన్నా?" అని అడిగాడు మెకానిక్కు.

కిందా, పక్కనా, మొత్తం తమ్ముడూ, సూది మోపేంత నేల వదల్లేదు. అదిగో, సరిగ్గా ఆ రోజు నుంచే మొదలైంది విచిత్రం. నా ఆయిల్ పెరగడం మొదలెట్టింది. నవ్వకండి, మా ఆవిడ మీద ఒట్టు. సాయంత్రం ఖాళీ చేసి వెళ్తే పొద్దునకి ట్రేలో మడుగు కట్టి ఉండేది. వాన నీళ్ళేమో అనుకున్నాను, కప్పు చూస్తే చిల్లు లేదు. అప్పుడర్థమైంది, ఇది నా హస్తవాసి. అక్కడ వాడేమో డ్రమ్ములకి డ్రమ్ములు మాయం చేస్తుంటే, ఇక్కడ నా చేతి కింద ఆయిల్ పిల్లలు పెడుతోంది. ఒకే ఇంటి అల్లుళ్ళం, ఎంత తేడానో చూడండి.

సీసాలు నిండాయి, టిన్నులు నిండాయి. ఈ వీధిలో ఎవరింట్లో బకెట్టు ఉంటే వాళ్ళింటికి పోయి అడుక్కొచ్చాను. మా ఇంట్లో నీళ్ళ బిందెలు తెస్తే మా ఆవిడ నన్ను గడప తొక్కనివ్వలేదు. అయినా ఆగిందా? షెడ్డు తలుపు కింద నుంచి వీధిలోకి బయల్దేరింది. అది పారిన చోటల్లా కిర్రుమనే తలుపు ఒక్కటి మిగల్లేదు. సైకిళ్ళు తొక్కకుండానే పోతున్నాయి, ఎక్కినవాడు దిగాలంటే పక్కవాళ్ళు పట్టుకోవాలి. ఏనాడో తాళంచెవి పోయిన ఇనప్పెట్టె ఒకటి దానంతట అదే నోరు తెరిచింది. మా అత్తగారు ఆ ఘాటు పీల్చి, మోకాళ్ళ నొప్పులు మర్చిపోయి, మేడ మెట్లు పరుగున ఎక్కింది. అల్లుడంటే నువ్వు అని ఆవిడ నోటితో ఆవిడే అంది, కావాలంటే అడగండి.

"ఆవిడ మొన్న నా దగ్గర వేరేలా అన్నారు అన్నయ్యా," అంది చెల్లెమ్మ.

అది కూతురు ఎక్కించిన మాట. వినండి. ఆ తర్వాత ఓడరేవు నుంచి పెద్ద పెద్ద ఆఫీసర్లు కారేసుకుని వచ్చారు. ఒక ఓడ ఇసుకలో కూరుకుపోయి ఏళ్ళు గడిచిందట, దాన్ని లాగడానికి వచ్చిన ఓడలు కూడా విసిగి వెళ్ళిపోయాయట. మీరే దిక్కండీ అన్నారు. నేను డ్రమ్ములూ గిమ్ములూ తీసుకెళ్ళలేదు. నా బనీను గుడ్డ ఒక్కటి జేబులో పెట్టుకుని వెళ్ళి, ఓడ అడుగున ఇలా, ఒక్కసారి తుడిచాను. తుడిచిన చెయ్యి తీసే లోపలే ఓడ కదిలింది. జుయ్యిమని సముద్రంలోకి దూసుకుపోయింది. కెప్టెను పైనుంచి దండం పెడుతున్నాడు, ఆపండీ అంటున్నాడో ధన్యవాదాలు అంటున్నాడో గాలికి వినపడలేదు. ఇప్పటికీ ఆగలేదట ఆ ఓడ.

అలాంటి ఆయిల్ తమ్ముడూ. అలాంటి ఆయిల్‌కి ఏం గతి పట్టిందో చెప్పనా, నా కడుపు మంట అదే. వాడి దొంగతనం బయటపడి ఓనరు డ్రమ్ముకి తాళం వేశాడు చూడు, ఆ మర్నాటి నుంచే నా ఆయిల్ పెరగడం ఆగిపోయింది. ట్రేలో చుక్క లేదు. ఎండి, గీకితే రజను వస్తోంది. ఎందుకో తెలుసా? అలిగింది. అంత మర్యాదగల ఆయిల్, ఒక దొంగ తిరిగే షెడ్డులో ఉండనని అలిగింది. దాని ఉసురు తగిలే మిషను కూడా పట్టేసింది. వాడిని గెంటేస్తే గానీ మళ్ళీ పెరగదు, చూస్తూ ఉండండి. దీన్నంతా వదిలేసి నన్నంటుంది మా ఆవిడ, నా చెల్లెలి కడుపు కొట్టావని.

మెకానిక్కు గ్లాసు కింద పెట్టాడు.

"అన్నా, ఓడ సంగతి నాకు తెలీదు," అన్నాడు. "కానీ నీ ఆయిల్ పెరిగిన మాట నిజం. పొద్దున గేర్ బాక్స్ విప్పాను. ఆయిల్ కారకుండా ఆపే కింది సీలు చిరిగిపోయి ఉంది, లోపల ఒక్క చుక్క లేదు. మీ తోడల్లుడు పైనుంచి పోస్తున్నాడు, అది కింద నుంచి కారిపోతోంది, నువ్వు ట్రేలో పడుతున్నావు. గేర్ ఆయిల్‌తో మరలు కోస్తే గరుగ్గా కాక ఎలా వస్తాయి? డ్రమ్ముకి తాళం పడింది, పోసే ఆయిల్ ఆగింది, నీ ట్రే ఎండింది, గేర్లు కాలి మిషను పట్టేసింది."

వెల్డరు నవ్వబోయి ఆగిపోయాడు.

అంటే, మొత్తం అదేనంటావా తమ్ముడూ? కొంచెమైనా దానంతట అది పెరిగి ఉండదూ? నా హస్తవాసి అని... సీలు లోపలెక్కడో ఉంటుంది, అది చిరిగిందని నాకెలా తెలుస్తుంది? ఈ సంగతి వాడైనా నోరు తెరిచి చెప్పొచ్చుగా.

"చెప్పాడుగా. పోస్తున్నాను, తగ్గిపోతోంది అని," అన్నాడు వెల్డరు.

సరేలే. ఓనరు ఎలాగూ సాయంత్రం అందరినీ పిలుస్తాడు, అప్పుడు చూద్దాం. ఈ తమ్ముడు చెప్తాడు, మెకానిక్కు మాటకి విలువుంటుంది. మధ్యలో నేనెందుకు. ఇంకో టీ పొయ్యి చెల్లెమ్మా.

చెల్లెమ్మ గ్లాసు అందుకోలేదు.

"సీలు సంగతి ఆయన చెప్తాడు. దొంగ అన్నది నువ్వు," అంది. "ఆ మనిషి షెడ్డులో తన పని బట్టలు సంచీలో సర్దుకుంటున్నాడు అన్నయ్యా, ఇందాక టీ ఇవ్వడానికి వెళ్ళి చూసే వచ్చాను. అందరి ముందూ అన్నావు కదా, లేచి వెళ్ళి అందరి ముందే కాదని చెప్పు."