మునస్వామీ, బస్సు దిగు

ఏం పాపా మహితా, పొద్దున్నే ఫోను గోడకానించి చేతులాడిస్తా ఉండావు, ఏందది? తాయ్ చీ అనే ఆ చీనావోళ్ల కసరత్తా? నవ్వద్దు, ఈ మునస్వామి తాత కూడా నేర్చుకున్నోడే. ముందు ఆ మణికట్టు సూసుకో, పాము పడగెత్తినట్టు పైకి లేసుండాది. రాజారత్నం ఉండుంటే ఈపాటికి నీ చేతికి అప్పడాల కర్ర కట్టేసేవాడు.

రాజారత్నం అంటే ఎవురా? నగరి మనిషిలే. మగ్గం నేసే ఇంట్లో పుట్టి, సింగపూరు పోయి ఓటల్లో పాత్రలు కడిగినాడు. ఆడ పార్కులో చీనా ముసిలోళ్ల ఎనక నిలబడి ఇది నేర్చుకున్నాడంట. ఈడికొచ్చి మన పార్కులో మొదలుపెడితే ఎనిమిది మందిమి చేరినాము, అందరికీ మోకాళ్ల నొప్పులే. "బలం చేతిలో లేదప్పా, మడమలో పుట్టి, నడుములో తిరిగి, భుజం మీంద అరచేతికి రావల్ల. మణికట్టు వంగిందా, పైపు మడత పడితే నీళ్లు ఆగినట్టు ఆడే ఆగిపోతాది" అనేవాడు. నేనేమో ముప్పై రెండేండ్లు ఘాటు రోడ్డులో కొండకు బస్సు తోలినోణ్ని. ఈ చేతులు సూడు, ఊరికే పెట్టినా స్టీరింగు పట్టుకున్నట్టే ఉంటాయి. చెయ్యి సాపమంటే చాలు, మణికట్టు మలుపు తిరుగుతాది. "మునస్వామీ, బస్సు దిగు!" అని పార్కంతా ఇనపడేట్టు అరిచేవాడు. అందరూ నవ్వేది, నాకు ఒళ్లు మండేది. ఒక్కసారన్నా ఆ నోటితో "దిగినావప్పా" అనిపించుకోవల్లని పంతం పట్టినా. నాలుగేండ్లు ఇడవలేదు, ఆయనా అనలేదు.

ఆ కర్రల కతా? ఒకనాడు అందరినీ ఇంటి నుంచి అప్పడాల కర్ర తెమ్మని, మణికట్లకు తువ్వాళ్లతో కట్టేసి, అట్లే ఇండ్లకు పొమ్మన్నాడు. దారిపొడుగునా "యాడప్పా యాక్సిడెంటు, ఏ బస్సు?" అని అడిగేవాళ్లే. మీ అవ్వయితే "చపాతీలు రుద్దేదెట్ల? నీ చెయ్యి పట్టుకోని రుద్దల్లా?" అనింది. ఇంగోనాడు నాకు కోపమొచ్చి, చెయ్యి తిన్నగా పెడితే ఏమొస్తాదప్పా అంటి. నా రొమ్ము మీంద అరచెయ్యి ఆనించి నడుము రవ్వంత తిప్పినాడు, అంతే. పోయి యాడ పడినాననుకున్నావు? రాగిజావ అమ్మే దేవకమ్మ క్యాను మీంద! ఒళ్లంతా జావ. "యుద్ధాలుంటే బార్డరుకు పోయి చేసుకోండప్పా, నా జావ కాడ కాదు!" అని ఆ యమ్మ గరిటె ఎత్తింది. ఈయన ఆ గరిటె దిక్కే సూస్తా, "సూడు మునస్వామీ, ఆ యమ్మ మణికట్టు ఎంత తిన్నగా ఉండాదో!" అనె.

ఆయన పోయి ఆరేండ్లు. గుండెనొప్పి. చర్చి ఎనక గుంతలోకి పెట్టె దించినాక, తలా పిడికెడు మట్టి వేయమన్నాడు పాస్టరయ్య. ఎవురు మొదలుపెట్టినారో గానీ, మా పార్కోళ్లందరమూ మోకాళ్లు వంచి, నడుము తిప్పి, మెల్లంగా, ఆయన నేర్పినట్టే వేస్తా ఉండాము. పాస్టరయ్య గడియారం సూసుకుంటా ఉండాడు. అంతసేపూ ఏడ్చిన ఆయన భార్య సంతోషమ్మ, కొంగు అడ్డం పెట్టుకోని నవ్వేసింది. నా వంతొచ్చింది. చెయ్యి సాపినా, పిడికిలి ఇప్పినా, మట్టి దానంతట అదే జారిపోయింది. సూస్తే మణికట్టు తిన్నగా ఉండాది పాపా, రవ్వంత వంపు లేదు. దబుక్కున తలెత్తి పక్కకు సూసినా, రాజారత్నం సూసినాడో లేదో అని...

ఊఁ. ఏందట్ల నిలబడిపోయినావు? మోచెయ్యి దించు ముందు.